మాచమ్మ గోడ

రండర్రా, దగ్గరికి రండి. చిట్టిబాబూ, గడప మీద కూర్చోకు నాయనా. లోపలికైనా రా, బయటికైనా పో. అక్కడ కూర్చుంటే కథ లోపలికి రావడానికి దారుండదు. కుమారీ, తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకో. ఎదురింటి పిల్లలు కూడా వచ్చారా? సరే, చాప ఇంకొంచెం పరవండి. నేనీ చిక్కుడుకాయలకి ఈనెలు తీసేలోపల కథ అవ్వాలి, కథ అయ్యేలోపల మీ అమ్మల వంటలు అవ్వాలి.

రేపు రంగులు వేసేవాళ్ళు వస్తారని మీ అమ్మ మన గోడలన్నీ బోసిగా చేసి పెట్టింది కదా. పొద్దున్నుంచీ ఆ గోడల్ని చూస్తుంటే నాకు ఈ కథే మనసులో మెదులుతోంది. ఊ కొట్టేవాళ్ళకే చెబుతాను. ఎవరు మానేస్తే అక్కడే ఆపేస్తాను.

అనగా అనగా, మా అమ్మమ్మ చెప్పేనాటికే పాతబడిపోయిన ఊరొకటి. ఆ ఊళ్ళో ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఏడుగురు అన్నదమ్ములు, వాళ్ళకి ఏడుగురు పెళ్ళాలు. మనుషులు ఏడేసి మంది గానీ పొయ్యి ఒక్కటే, గదులు మూడే. అందరిలోకీ ఆఖరివాడు అప్పలకొండ. వాడి పెళ్ళాం వరహాలు. వాళ్ళకో చంటిపిల్ల, బంగారి. ఈ ముగ్గురికీ దక్కింది ధాన్యం గాదె పక్కన ఒక్క మంచం పట్టేంత చోటు. మంచం వాలిస్తే మనిషి నిలబడడానికి లేదు, మనిషి నిలబడాలంటే మంచం ఎత్తాలి.

వరహాలు పొరుగూరి పిల్ల. ఆ పిల్లకో పిచ్చి ఉండేది. అందమైనది ఏది కనబడినా కొంగున మూటగట్టుకుని వచ్చేది. నెమలీకలు, గురివింద గింజలు, ఏట్లో నున్నబడ్డ రాళ్ళు, పగిలిన గాజుముక్కలు, పిచ్చుకలు వదిలేసిపోయిన గూడు కూడానూ. అన్నీ ఒక వెదురుబుట్టలో దాచుకునేది. దాచుకోవడమే గానీ పెట్టుకోవడానికి గోడేదీ? ఒకసారి ధైర్యం చేసి వసారా గోడకి మేకు కొట్టి నెమలీకల కట్ట తగిలించింది. మర్నాడు చూస్తే ఆ మేకుకి చీపురు వేలాడుతోంది. నెమలీకల్ని దూడ నములుతోంది. చీపురు తగిలించింది పెద్ద తోడికోడలు సత్తెమ్మ.

“ఇంటికి సింగారమటే సింగారం! ముందు నీ పిల్ల ముక్కు తుడు. ఆ తర్వాత గోడలకి పెడుదువుగాని బొట్టూ కాటుకా” అందిట సత్తెమ్మ. మిగిలిన అయిదుగురూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారట.

వరహాలు బుట్ట మీద మూత పెట్టేసింది. ఆ రోజు నుంచీ ఆ పిల్లకి ఒకటే కోరిక. తన గోడ, తన గూడు, తన గడప. నీళ్ళు తోడుతున్నా అదే, పిండి విసురుతున్నా అదే. తన గోడ, తన గూడు, తన గడప. ఊ కొడుతున్నారా?

ఆ ఊరికి ఒక మునసబు ఉండేవాడు, ముసలాయన. ఆయన కుడిచేతికి చిటికెనవేలు పక్కన ఇంకో బుల్లివేలు ఉండేది. ఆరువేళ్ళ మునసబు అనేవారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పని పడుతుంది.

ఆ మునసబు దగ్గరికి వెళ్ళి వరహాలు, మాకింత చోటు చూపించండి బాబూ అని అడిగింది. ఆయన గడ్డం నిమురుకుని, సాలెవీధి చివర మాచమ్మ ఇల్లు ఖాళీగా ఉందమ్మా, కానీ అందులో మాచమ్మ ఉంది అన్నాడు. ఖాళీగా ఉండడమేమిటి, మాచమ్మ ఉండడమేమిటి అంటే, ఆ ముసలమ్మ పోయి ఇరవయ్యేళ్ళయింది గానీ ఇంట్లోంచి మాత్రం పోలేదుట. అయిదు సంసారాలు చేరాయి, అయిదూ పారిపోయాయి. ఆ దయ్యం అన్ని దయ్యాల్లాగా చీకట్లో వచ్చేది కాదు. మనుషుల నీడలు కాళ్ళకిందికి దూరిపోతాయే, ఆ మిట్టమధ్యాహ్నం వేళ వచ్చేది.

“పిల్లలు గడప దాటితే గారెలు పంచుతాం కదా. మీ బంగారి తనంత తాను ఆ ఇంటి గడప దాటి, నువ్వు ఆ గారెలు పంచిన రోజున ఇల్లు మీదే. ఈలోగా మూట కట్టుకుని పరిగెత్తారో, ఇక నన్ను అడగొద్దు” అన్నాడు మునసబు.

వరహాలు సరే అంది. అప్పలకొండ మొహం చిన్నబోయింది గానీ, పెళ్ళాం మొహంలో ఆ వెలుగు చూసి వాడూ తలూపాడు. సత్తెమ్మ మాత్రం, గాదె పక్కన చోట్లో గడ్డిమోపులు వేయిస్తున్నాను, తిరిగొచ్చాక వాటి మీదే పడుకోండి అని సాగనంపింది.

అదర్రా సంగతి. పిల్ల గడప దాటిందా, సొంత ఇల్లు. దాటకముందే బెదిరారా, గడ్డిమోపులు.

కొత్తింట్లో పొయ్యి వెలిగించకముందే గోడలకి వెల్ల వెయ్యాలని ఆ ఊరి ఆచారం. అప్పలకొండ సున్నపు రాళ్ళు కుండలో పోసి నీళ్ళు కొడితే కుతకుతమని ఉడికాయి. అందులో కాసిని బెల్లంనీళ్ళు, చిటికెడు నీలిమందు. నారకుంచె పుచ్చుకుని ఒక గోడ వదలకుండా తెల్లగా పూసేశాడు. ఆ తడిసున్నం వాసన ఉందే, నా చిన్నప్పుడు మా ఇంటికి వెల్ల వేస్తే మేం పిల్లలం గోడకి ముక్కు ఆనించి నిలబడేవాళ్ళం. ముక్కులు తెల్లబడితే మా అమ్మ నవ్వీ నవ్వీ కొట్టేది. ఇప్పటి డబ్బా రంగులకి ఆ వాసన ఎక్కడిది? కళ్ళు మండుతాయంతే. ఏదీ, ఏం చెబుతున్నాను? ఆఁ, వెల్ల.

వరహాలు బుట్ట మూత తీసింది. నేలంతా ఎర్రమట్టీ పేడా కలిపి అలికింది. అంచుల వెంట ముగ్గుతో తీగ లాగింది. దీపపు గూటి చుట్టూ తడిమట్టి మెత్తి గాజుముక్కలు గుచ్చితే, దీపం పెట్టగానే గూడంతా ఆకుపచ్చగా, ఎర్రగా మినుకుమంది. పాతచీరల అంచులు చింపి జడలు అల్లి, ఆ జడల్ని చుట్టలు చుట్టి కుట్టి గుండ్రటి పట్టా చేసింది. వంటింటి గుమ్మానికి తలుపు లేదు. ఏటిగట్టున ఏరిన నత్తగుల్లలు నారకి గుచ్చి తెరలా వేలాడదీసింది. గాలి తగిలితే గలగలా, బంగారి లాగితే గలగలా. ఎండిన ఆనపకాయ బుర్రలో బంతిపూలు పెట్టింది. చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా ఇల్లు పెళ్ళివారి ఇల్లులా అయింది.

ఇక మిగిలింది ఒక్క గోడ. గడపకి ఎదురుగా, అడుగు పెట్టగానే కనబడే పెద్ద గోడ.

అప్పలకొండ మనిషి మంచివాడే గానీ, ఒక పని చెడితే అదే పనిని ఇంకాస్త గట్టిగా చేసే రకం. పెళ్ళాం ముచ్చట చూసి, మొదటి సంతలో లక్కచిలకల జత తెచ్చాడు. పెద్దగోడకి బెత్తెడు మేకు కొట్టాడు, తగిలించాడు. మిట్టమధ్యాహ్నం అయింది. టప్! చిలకలు కిందున్నాయి. మేకు ఊడి గడప పక్కన పడుంది.

రెండో సంతకి రేకు చట్రం అద్దం తెచ్చాడు. జానెడు మేకు కొట్టాడు, తగిలించాడు. మిట్టమధ్యాహ్నం అయింది. టప్! అద్దం కిందుంది. మేకు ఊడి, మొదటి మేకు పక్కన పడుంది.

మూడో సంతకి ఏనుగెక్కిన రాజుగారి బొమ్మ ఉన్న పటం తెచ్చాడు. ఈసారి మూరెడు మేకు కావాలని కమ్మరి దగ్గరికి పోతే, ఇల్లు సర్దుకుంటున్నావా ఓడ కట్టుకుంటున్నావా అని కమ్మరి అడిగాట్ట. అదే మేకు తెచ్చి దభీ దభీమని కొట్టాడు. మిట్టమధ్యాహ్నం అయింది. ఈసారి టప్ కాదు. ఇల్లంతా ఒక్క వణుకు వణికింది. గోడలోంచి అమ్మోయ్ అని ఒక మూలుగు. ఎవరికో తగలరాని చోట దెబ్బ తగిలితే వస్తుందే, అలాంటి మూలుగు. పటం కింద ఉంది. మూడు మేకులూ గడప పక్కన బడిపిల్లల్లా వరసగా ఉన్నాయి.

అప్పలకొండ అప్పటికే సగం మూట కట్టేశాడు. “గడ్డిమోపులైతే గడ్డిమోపులే! ప్రాణముంటే చాలు, పదవే!” అన్నాడు.

వరహాలు మూట మీద కూర్చుంది. “అద్దం పగిలిందా?”

“లేదు.”

“చిలక ముక్కు విరిగిందా?”

“లేదు.”

“పటం చిరిగిందా?”

“లేదు గానీ...”

“మరి దాన్ని దయ్యమంటావేం? మా సత్తెమ్మక్కయితే ఈపాటికి మూడూ ముక్కలు చేసేది.”

వరహాలు ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. తక్కిన గోడల మీద ఒక్క పూస రాలలేదు, ఒక్క ఈక కదల్లేదు. పెద్దగోడ జోలికి వెళితేనే తంటా. పైగా మధ్యాహ్నమయ్యేసరికి బంగారి ఆ గోడ కేసి చూసి కిలకిలా నవ్వుతుంది, ఎవరో బుజ్జగిస్తున్నట్టు. పసిపిల్ల చూసి నవ్వే దయ్యానికి పెద్దవాళ్ళు భయపడడమేమిటి అని వరహాలుకి తోచింది. రేపు ఒక్క మధ్యాహ్నం చూడనివ్వు, అప్పటికీ కాకపోతే నేనే బండి కట్టిస్తానని మొగుణ్ణి ఒప్పించింది.

మర్నాడు గోడకి ఎదురుగా పీట వేసుకుని, బంగారిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. భయం లేదా అంటే, ఎందుకు లేదూ? నీడ కుంచించుకుని కుంచించుకుని పీట కిందికి దూరింది. అప్పుడు గోడలోంచి గర్ గర్‌మని చప్పుడు. లోపలివైపు నుంచి ఎవరో గోటితో సున్నం గీకుతున్నట్టు.

“అత్తమ్మా,” అంది వరహాలు. మర్యాద మాత్రం తప్పలేదు. “నేను వరహాల్ని. నీ ఇంటికొచ్చినదాన్ని. గోడ నీదైతే నీదే, నేను మేకు కొట్టను. కానీ నీకేం కావాలో చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది చెప్పు?”

చప్పుడు ఆగింది. మూరెడు మేకు దిగిన చోట వెల్ల పెచ్చు ఒకటి ఊడి వచ్చి, వరహాలు ఒళ్ళో మెత్తగా పడింది. పెచ్చు వెనకవైపు ఎర్రగా ఉంది.

వరహాలు గబగబా తడిగుడ్డ తెచ్చి గోడకి అద్దింది. వెల్ల నానింది. కొబ్బరిచిప్ప తీసుకుని, పసిపిల్లకి ఒళ్ళు రుద్దినట్టు మెల్లిగా గీకింది. తెల్ల పొర పోయింది, నీలం పొర వచ్చింది. నీలం పొర పోయింది, మళ్ళీ తెల్ల పొర. పారిపోయిన వాళ్ళు ఒక్కొక్కళ్ళూ వేసిన పొర ఒక్కోటి. ఏడో పొర కింద కనబడింది. ఏం కనబడిందో చెప్పండి? ఊహూఁ, నిధీ కాదు, నిక్షేపమూ కాదు.

అరచెయ్యి. ఎర్రటి జేగురు మట్టితో అద్దిన, రేగాకంత అరచెయ్యి.

దాని పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. పైన, కింద, ఇటు, అటు, ఎంత గీకితే అన్ని. అన్నీ పసివాళ్ళ చేతులే. మూరెడు మేకు పోయిపోయి ఒక అరచేతి నడిమధ్యన దిగింది. అది చూసి వరహాలు కళ్ళు చెమ్మగిల్లాయి. అందుకే తల్లీ నువ్వు మూలిగావు అనుకుని, ఆ చిల్లుని వేలితో మూసి పట్టుకుంది కాసేపు.

అప్పుడు, ఓ మూలగా, ఒక చెయ్యి ఆ పిల్ల కంటబడింది. మీరూ మీ వేళ్ళు లెక్కపెట్టుకోండి. ఎన్ని? అయిదు కదా. దానికి ఆరు.

గుర్తుందా? మరి! వరహాలు కూడా మీలాంటి తెలివైనదే. పిల్లని చంకనేసుకుని, చేతికంటిన సున్నమైనా కడుక్కోకుండా మునసబు ఇంటికి పరిగెత్తింది.

మునసబు వచ్చి చూశాడు. ఆ బుల్లి చేతి పక్కన తన ముసలి చెయ్యి పెట్టి చూసుకున్నాడు. ఆరూ ఆరూ. అక్కడే నేల మీద కూలబడ్డాడు. కాస్త తేరుకున్నాక, ఎప్పుడో తన తల్లి చెబితే విని మరిచిపోయిన సంగతి చెప్పాడు. మాచమ్మ ఆ ఊరి మంత్రసాని. ఊళ్ళో ఏ బిడ్డ పుట్టినా ముందు ఆమె చేతుల్లోనే పడేది. ఆమెకి మాత్రం కడుపు పండలేదు. ఏం పెట్టబోయినా పుచ్చుకునేది కాదుట. బిడ్డ గడప దాటిన రోజున నా ఇంటికి ఎత్తుకు రండి, ఆ అరచెయ్యి ఒక్కసారి నా గోడకి అద్దించండి, నాకదే చాలు అనేది. పొద్దున్న లేవగానే ఆ గోడ చూసుకుని, ఊరంతా నా పిల్లలే అనుకునేది.

“ఆమె పోయాక ఇల్లు శుభ్రం చేయించింది నేనే తల్లీ. గోడంతా పాతమరకలు, వెల్ల కొట్టెయ్యండి అన్నాను. నా చెయ్యి నేనే కప్పేశాను” అని ఆరువేళ్ళ చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

చేతులు పెట్టినవాళ్ళేమో అప్పటికి పసివాళ్ళు, వాళ్ళకి తెలీదు. పెట్టించిన తల్లుల్లో కొందరు పోయారు, కొందరు మరిచారు. మరి మాచమ్మ ఎలా మరుస్తుంది?

అప్పలకొండ కూడా ఆ ఊళ్ళో పుట్టినవాడే కదా. ఓ పక్కగా, మూడు చోట్ల అలికేసినట్టున్న చెయ్యి చూపించి, ఇది తప్పకుండా నీదే, ఒక్క క్షణం కుదురుగా ఉండి ఉండవు అంది వరహాలు. వాడు సిగ్గుపడి, కాదనలేక, తన మూడు మేకులూ తీసుకెళ్ళి వేపచెట్టు కింద పాతిపెట్టి వచ్చాడు.

ఇక వరహాలు పని చూడాలి! ఎన్నడూ అంత ఒద్దికగా చెయ్యలేదు. బయటపడ్డ చేతుల చుట్టూ జేగురుతో తీగ లాగి, తీగకి తెల్ల ముగ్గుచుక్కలు పెట్టింది. గోడ మీద ఒక్క మేకు లేదు. లక్కచిలకల్ని పైన దూలానికి దారంతో కట్టింది, చేతుల మీదుగా ఎగురుతున్నట్టు. అద్దాన్ని ఎదురుగోడన గడప పక్కగా ఆనించింది. దాంతో అద్దంలోనూ చేతులే, గోడ మీదా చేతులే. వచ్చినవాళ్ళని రెండువైపులా పిలుస్తున్నట్టుంది ఇల్లు.

ఇంత చేస్తున్నా ఆ పిల్ల గుండెల్లో రాయి అలాగే ఉంది. బంగారి ఇంకా గడప దాటలేదు. రోజూ వసారాలో పాకుతుంది, గడప దాకా వస్తుంది, దాని మీద గడ్డం ఆనించి లోపలికి చూస్తుంది, వెనక్కి పోతుంది. పాత ఇళ్ళ గడపలు మరి, మోకాలెత్తు! ఎత్తి దాటించేద్దామే అన్నాడు అప్పలకొండ. తనంత తాను దాటాలన్నారు, అబద్ధపు గారెలు నేను వండను అంది వరహాలు.

ఒక మధ్యాహ్నం వరహాలు తీగ ఆఖరి మెలిక దిద్దుతోంది. చిప్పలో జేగురు కలిపి పక్కన పెట్టుకుంది. వెనక నుంచి చప్పుడు. తిరిగి చూస్తే బంగారి గడప మీద బొర్లా ఉంది. చేతులు లోపల, కాళ్ళు బయట. ఎత్తబోయిన చేతుల్ని వరహాలు పళ్ళు బిగించి వెనక్కి లాక్కుంది. బంగారి గోడకేసి చూసింది. ఎవరో రా రా అన్నట్టు నవ్వింది. ఒక కాలు, ఇంకో కాలు. దొల్లింది! లోపలికి దొల్లి, ఏడుపైనా లేకుండా బిరబిరా పాక్కుంటూ వచ్చి, చిప్పలో చెయ్యి ముంచి, గోడకి అద్దింది. పసివాళ్ళు అద్దితే అలుకుపోవాలి కదా? అలుకుపోలేదు. ఎవరో మణికట్టు పట్టుకుని ఒత్తించినట్టు, అయిదు వేళ్ళూ అచ్చుగుద్దినట్టు పడ్డాయి.

ఇంట్లో ఎవరో హమ్మయ్య అన్నట్టు వినబడింది. నత్తగుల్లల తెర గాలి లేకుండానే గలగలమంది. ఆ తర్వాత మాచమ్మ ఎవరినీ బెదిరించలేదు.

గారెలకి పిలిస్తే ఊరంతా వచ్చింది. ఒకళ్ళ చేతులు ఒకళ్ళు పట్టుకుని, గోడకి ఆనించి చూసుకుని, ఇది నాది, కాదు ఇది నాది అని చిన్నపిల్లల్లా కొట్లాడుకున్నారు. మునసబు అందరి ముందూ ఇల్లు వరహాలు చేతుల్లో పెట్టాడు. అందరికన్నా చివర సత్తెమ్మ వచ్చింది. వస్తూనే, గోడంతా మరకలు చేసుకుని ఊరిని పిలిచావటే అనబోయి ఆగిపోయింది. ఆవిడా ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ ఊళ్ళోనే మెట్టిన మనిషి.

“మా అమ్మ చెప్పేది...” అంది మెల్లిగా. “నా చెయ్యి కూడా ఎక్కడో పెట్టించానని. నాదేదే, వరహాలూ?”

ఆ గోడకి ఎడమపక్క ఇంకా గీకాల్సింది చాలా ఉంది. వరహాలు కొబ్బరిచిప్పా తడిగుడ్డా అందించింది. సత్తెమ్మ గారె పక్కన పెట్టి, కొంగు నడుముకి దోపుకుని, గోడ ముందు కూర్చుని గీకడం మొదలుపెట్టింది. దొరికిందా అంటారా? సాయంత్రానికి దొరికింది. ఆ చేతిలో తన చెయ్యి పెట్టి చూసుకుని, ఇంత ఉండేదాన్నా నేను అని ఏడ్చిందట.

అప్పట్నుంచీ ఆ ఊళ్ళో ఏ బిడ్డ గడప దాటినా మళ్ళీ ఆ ఇంటికే ఎత్తుకొచ్చేవారు. మునిమనవల కాలానికీ ఆ గోడకి వెల్ల వెయ్యలేదు. ఇంటికి అందం తేవాలనుకోవడం మంచిదే తల్లీ, కానీ మేకు కొట్టేముందు, ఈ గోడ మీద అప్పటికే ఎవరున్నారో ఒక్కసారి చూసుకోవాలి.

అదిగో, ఈనెలు తీయడం అయిపోయింది. మన తలుపు వెనక, మీ అమ్మ చిన్నప్పుడు బొగ్గుతో గీసిన కోడిపెట్ట ఉంది. రంగులవాళ్ళకి చెప్పాలి, ఆ జానెడు మేర వదిలెయ్యమని. కుమారీ, పొద్దున్నే నాకు గుర్తు చెయ్యి.

ఇక లేవండి. కథ కంచి దారి పట్టింది, మీరు కంచాల దారి పట్టండి. ఎదురింటి పిల్లలూ, మీ అమ్మ పిలుస్తోంది, పరిగెత్తండి. చేతులు కడుక్కుని తినండి. ఆగండాగండి, కడుక్కునేముందు ఆ చేతులు ఓసారి నాకు చూపించి పోండి. నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత పెరిగాయో చూడాలి.